తాగని మైకం

మొదటిసారి అది నాకు బేగంబజార్‌లో పట్టపగలు వచ్చింది.

అప్పుడు నేను స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో బిల్లులు కొట్టే పనిలో ఉన్నాను. మధ్యాహ్నం తినడం అయ్యాక, సందు చివరి మందుల షాపులో మా పాపకు దగ్గు మందు కొనుక్కుని తిరిగి వస్తున్నాను. ఎదురుగా సామాన్ల బండి వస్తే పక్కకు జరిగాను. జరిపిన కాలు ఆగాల్సిన చోట ఆగలేదు. ఇంకా అటే పోయింది. దాన్ని వెనక్కి లాక్కుందామంటే రెండో కాలు ముందే ఎటో వెళ్లిపోయింది. గోడ పట్టుకుందామని చెయ్యి చాపితే చెయ్యి గోడ పక్కనుంచి గాలిలోకి పోయింది. తలెత్తి చూస్తే దుకాణాల బోర్డుల మీద అక్షరాలు పైకి పైకి జారిపోతున్నాయి.

తెలివి మాత్రం పూర్తిగా ఉంది. నన్ను భయపెట్టింది అదే. కళ్లు తిరిగి పడిపోయి ఉంటే ఏమీ తెలిసేది కాదు. నేను ఎక్కడున్నానో తెలుసు, ఎవరు చూస్తున్నారో తెలుసు, ఒళ్లు మాత్రం నా మాట వినడం లేదు. బస్తాలు దించుతున్న హమాలీ ఒకతను పక్కవాడితో, "దారూ పీకే ఆయీ" అన్నాడు. తాగలేదని చెబుదామని నోరు తెరిచాను. నాలుక మందంగా, ఎవరిదో తెచ్చి పెట్టినట్టు ఉంది. వచ్చిన మాట నాకే అర్థం కాలేదు. వాళ్లు నవ్వారు.

మా సేఠ్ పెద్దమనిషి. ఎవరో చెబితే తనే వచ్చి, పక్క దుకాణంలో పనిచేసే అక్కను పట్టుకోమని, తెలిసిన ఆటోలో కిషన్‌బాగ్‌లోని మా ఇంటికి పంపించాడు. ఆటోలో ఆ అక్క నా మొహం దగ్గరికి మొహం తెచ్చి ఒకసారి గట్టిగా గాలి పీల్చింది. వాసన చూస్తోందని తెలిసింది.

సాయంత్రానికి అది ఎలా వచ్చిందో అలాగే పోయింది. లేచి అన్నం వండాను. ఎండదెబ్బ అయి ఉంటుందని మా ఆయన అన్నాడు, నేనూ అదే అనుకున్నాను. అనుకున్నానే గాని, ఆ రోజు నుంచి మెట్లు దిగేటప్పుడు గోడ మీద చెయ్యి ఆనించడం మొదలుపెట్టాను.

రెండోసారి నేను ఒంటరిగా లేను.

పాపను బడి నుంచి తీసుకొస్తున్నాను. దానికి అప్పటికి ఆరేళ్లు. రోడ్డు సగం దాటి డివైడర్ దగ్గర ఆగాం. అవతలి వైపు బండ్లు ఆగకుండా వస్తున్నాయి. ఒక లారీ గట్టిగా హారన్ కొట్టింది. ఉలిక్కిపడ్డాను. ఆ వెంటనే కాళ్ల కింది నేల నులకమంచంలా దిగబడింది. ఇంకొక్క అడుగు వేస్తే ఎటు పడతానో తెలియదు. పాప చెయ్యి నా చేతిలో ఉంది. పడితే దాన్ని కూడా లాక్కుని పడతాను. వదిలితే అది రోడ్డు మీదికి పరిగెత్తవచ్చు. అలాగే డివైడర్ మీద కూలబడి, దాన్ని నా రెండు మోకాళ్ల మధ్యకు లాక్కుని నొక్కి పట్టుకున్నాను. నా చేతులు ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకే తెలియడం లేదు. నొప్పిగా ఉందని అది ఏడుస్తోంది. కూర్చో అని చెప్పబోతే నోట్లోంచి ఏదో ముద్ద ముద్దగా వచ్చింది.

పాప ఏడుపు ఆపి నా మొహం వంక చూసింది.

"మమ్మీ, నువ్వు తాత లెక్క చేస్తున్నవ్" అంది.

ఆ రోడ్డు, ఆ బండ్లు, ఆ హారన్లు అన్నీ ఉన్నాయి. కానీ నాకు ఒళ్లంతా చల్లబడింది ఆ మాటకు.

తాత అంటే మా బాపు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అమ్మా బాపూ గౌలిపురలోనే ఉంటారు, నేను పుట్టిన ఇంట్లో. బాపు తాగుతాడని గల్లీ అంతటికీ తెలుసు. రోజూ కాదు. నెలకో రెండు నెలలకో ఒకసారి, ఊగుతూ, మాట తడబడుతూ, ఇద్దరు తోటి లైన్‌మన్లు చెరో రెక్క పట్టుకుంటే ఇంటికి వచ్చేవాడు. చొక్కా నిండా కల్లు వాసన ఉండేది. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ ఆ చొక్కా విప్పి, బకెట్లో వేసి, బయటికి వినపడేలా తిట్టేది. మాది చర్చికి వెళ్లే కుటుంబం. తాగుబోతు అని పెద్దలు బాపును ప్రభువు బల్లకు రానివ్వలేదు. అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు ఆయన వెనక బెంచీలో తల దించుకుని కూర్చునేవాడు. మిగతా రోజుల్లో అంత నెమ్మదైన మనిషి మా గల్లీలో ఇంకొకరు లేరు.

డివైడర్ మీది నుంచి మమ్మల్ని దాటించింది పండ్ల బండి ముసలాయన. ఇంటికి వచ్చాక మా ఆయన ఇంకేమీ మాట్లాడనివ్వలేదు. మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టర్ నరాల డాక్టర్ దగ్గరికి రాశాడు. ఆయన తల స్కాన్ చేయించమన్నాడు.

స్కాన్ గొట్టంలోకి పంపేటప్పుడు కదలొద్దని చెప్పారు. మెదడులో గడ్డ ఉందనే అనుకుంటూ నేను లోపలికి వెళ్లాను. దుకాణంలో మాతో పనిచేసిన ఒకామెకు అలాగే మొదలైంది, ఏడాది తిరక్కుండానే పోయింది. లోపల ఆ టకటక చప్పుడు మధ్య పాపను ఎవరు చూస్తారు అన్న లెక్కలే వేసుకున్నాను. అమ్మ చూస్తుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మా ఆయన ఇంకో పెళ్లి చేసుకుంటే? ప్రార్థన చేద్దామంటే ఒక్క వాక్యం పూర్తి కాలేదు.

గడ్డ లేదు. డాక్టర్ స్కాన్ పక్కన పెట్టి, నా కళ్లు చూడటం మొదలుపెట్టాడు. తల కదపకుండా తన వేలిని చూడమన్నాడు. వేలు పక్కకు జరిపి చాలాసేపు ఆపాడు. మా ఆయనను పిలిచి చూపించాడు. నా కళ్లు నాకు తెలియకుండానే సన్నగా కిందికీ పైకీ కొట్టుకుంటున్నాయట. ఆ మధ్యాహ్నం నాకు ఏ ఇబ్బందీ లేదు. అయినా అవి కొట్టుకుంటున్నాయట. ఎప్పటి నుంచి అలా ఉన్నాయో అనుకున్నాను.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వస్తుందా అని అడిగాడు. లేదన్నాను. పక్కనుంచి మా ఆయన, పాప అన్న మాట చెప్పాడు. మా బాపుది తాగుడు సార్, అదీ ఇదీ ఒకటి కాదు అన్నాను. డాక్టర్ పెన్ను కింద పెట్టి, ఆయన్ను ఒకసారి తీసుకురండి అన్నాడు.

బాపు రానన్నాడు. తనకేమీ రోగం లేదన్నాడు. ఇంత వయసొచ్చాక తనకు పరీక్షలెందుకన్నాడు. అమ్మ కోపంగా, నీ తాగుడు పాడుగాను, బిడ్డ కోసమన్నా పోవా అంది. అప్పుడు నేను నాకు ఏం జరుగుతోందో బాపుకు మొదటిసారి వివరంగా చెప్పాను. కాలు ఆగకపోవడం, అక్షరాలు పైకి జారడం, నాలుక మందంగా అయిపోవడం. చెబుతూ ఉంటే ఆయన మొహం తెల్లబోయింది. మంచం పట్టె మీద ఆయన చెయ్యి బిగుసుకోవడం చూశాను. ఆ తర్వాత లేచి చొక్కా వేసుకున్నాడు.

డాక్టర్ ఆయన కళ్లు చూశాడు. ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనిస్తూ గీత మీద నడిచినట్టు నడవమన్నాడు. రెండో అడుగుకే బాపు పక్కకు ఒరిగాడు. డాక్టర్ పట్టుకుని కూర్చోబెట్టి, ఎన్నాళ్లుగా తాగుతున్నారు, ఎంత తాగుతారు అని మామూలుగా అడిగాడు. బాపు నేల చూశాడు. అమ్మ, నేను, మా ఆయన ముగ్గురం అక్కడే ఉన్నాం.

"నేను తాగను సార్" అన్నాడు బాపు. "నా జిందగీల ఒక్కసారి గూడ తాగలె."

అమ్మ ఆయన వైపు తిరిగింది. బాపు మెల్లగా, ఎవరి మొహమూ చూడకుండా చెప్పుకొచ్చాడు.

ఆయన తల్లికి ఇలాగే వచ్చేది. మా నాయనమ్మను నేను చూడలేదు. ఆమెకు గాలి సోకిందని అన్నారట. తాయెత్తులు కట్టారు, మిరపకాయల పొగ పెట్టారు, వచ్చినప్పుడల్లా దూలానికి కట్టేశారు. ఆ ఇంటి పిల్ల మాకొద్దని బాపు అక్కకు వచ్చిన సంబంధాలు తిరిగిపోయాయి. అది బాపు చిన్నతనంలో చూశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తనకూ మొదలైంది. అదే సెక్షన్‌లో ఫిట్స్ వచ్చే ఒకతన్ని మెడికల్‌గా పనికిరాడని ఇంటికి పంపించారు. ఒక రోజు బాపు స్తంభం దగ్గర నిలబడలేక ఊగుతుంటే, తోటివాళ్లు నవ్వి, తాగినవా అని అడిగారు. ఆయన తల ఊపాడు. అంతే, వాళ్లు ఆయన్ను స్తంభం ఎక్కనివ్వలేదు. పైవాళ్లకు చెప్పలేదు. ఇంకొకతను ఎక్కి పని చేశాడు. ఇద్దరు కలిసి ఇంట్లో దింపి వెళ్లారు.

"తాగినోన్ని మాఫ్ చేస్తరు సార్. రోగం ఉన్నోన్ని చెయ్యరు" అన్నాడు. "తాగుబోతు బిడ్డకు పెండ్లి అయితది. గాలి పట్టినోని బిడ్డకు గాదు."

అప్పటి నుంచి, వచ్చేలా ఉందని తెలిసిన రోజున కల్లు కంపౌండ్‌కు వెళ్లి, ఒక సీసా తీసుకుని, సగం చొక్కా మీద పోసుకుని, మిగిలింది పారబోసేవాడట.

అమ్మ లేచి బయటికి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. వరండాలో బెంచీ మీద కూర్చుని చీర కొంగును వేళ్లకు చుట్టుకుంటోంది. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె మొహంలో ఉన్నది అది కాదు. "నాకన్నా చెప్పొద్దా" అంది. "తాగుబోతు పెండ్లామని ఎంతమందితోని అనిపించుకున్న. నాకన్నా చెప్పొద్దా." ఆ తర్వాత చాలా రోజులు ఆమె బాపుతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, చాయ్ ఇచ్చేది, మాట మాత్రం లేదు.

లోపల డాక్టర్ మా ఆయనకూ నాకూ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. నరంలో సందేశం కరెంటులా పరిగెత్తుతుంది. కానీ ఒక నరం కొసకూ తర్వాతి నరానికీ మధ్య కంటికి కనిపించనంత సందు ఉంటుంది. కరెంటు ఆ సందును దాటలేదు. అందుకని నరం కొసన సన్నటి ద్వారాలు ఉంటాయి, వాటినే కాల్షియం ఛానళ్లు అంటారు. కరెంటు కొసకు రాగానే అవి తెరుచుకుంటాయి. బయట ఉన్న కాల్షియం లోపలికి దూకుతుంది. అది దూకితేనే, లోపల సిద్ధంగా ఉన్న సన్నని సంచులు గోడకు అతుక్కుని నోరు తెరిచి, తమలోని రసాయనాన్ని సందులోకి వదులుతాయి. అవతలి నరం దాన్ని అందుకుని సందేశాన్ని ముందుకు తీసుకుపోతుంది. ఇదంతా రెప్పపాటులో వందోవంతులో జరిగిపోతుందట. మనిషి నడవడం, మాట్లాడటం, చెయ్యి చాపి గోడ పట్టుకోవడం, అన్నీ దాని మీదే.

మా ఇంట్లో ఆ ద్వారాలను తయారుచేసే జన్యువు ఒకటి చెడిపోయి వస్తోంది. ఒంటిని నిలకడగా ఉంచే చిన్నమెదడులో అవి చాలా ఎక్కువగా అవసరం. మాలో వాటిలో సగమే బాగా పనిచేస్తాయి. మామూలు రోజుల్లో ఆ సగంతోనే సర్దుకుంటుంది. ఎండ, అలసట, ఒక్కోసారి చాయ్, కాఫీ, అన్నిటికన్నా ఎక్కువగా భయం, ఆందోళన వచ్చినప్పుడు సర్దుకోలేకపోతుంది. సరిగ్గా ఆ పూటే ఎందుకు చేతులెత్తేస్తుందో డాక్టర్లకూ పూర్తిగా తెలియదని ఒప్పుకున్నాడు. దాని పేరు ఎపిసోడిక్ అటాక్సియా, అంటే ఉండుండి వచ్చే తూలుడు అన్నాడు. అప్పటికి లోపలికి వచ్చిన అమ్మ, అయితే కాల్షియం గోలీలు వేసుకుంటే, బర్రె పాలు ఎక్కువ తాగితే తగ్గుతుందా అని అడిగింది. లేదమ్మా, కాల్షియానికి తక్కువ లేదు, అది లోపలికి వచ్చే దారే సరిగా తెరుచుకోదు అన్నాడాయన.

నేను ఒక్కటే అడిగాను. నా పాపకు?

సగానికి సగం అన్నాడు. రావచ్చు, రాకపోవచ్చు.

ఆ గది తలుపు దాటి నాలుగడుగులు వేశానో లేదో నాకు మొదలైంది. భయపడితే వస్తుందని అప్పుడే విన్నాను, ఆ విన్నందుకే భయం వేసింది, ఆ భయానికే వచ్చింది. ఇక నా బతుకంతా ఇంతేనా, భయపడటానికి కూడా భయపడాలా అనుకున్నాను. కారిడార్ గోడలు పైకి జారుతున్నాయి. మా ఆయన మందుల చీటీతో కిందికి వెళ్లాడు. అమ్మ కంగారుగా డాక్టర్ కోసం పరిగెత్తింది.

బాపు వచ్చి నన్ను భుజాలు పట్టుకుని గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. తనూ పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"తలకాయ కదిలియ్యకు బిడ్డా. కండ్లు మూస్తే ఇంకా ఎక్కువైతది. గా స్విచ్ బోర్డు ఉన్నది గదా, దాన్నే చూడు. అది యాడికి పోదు" అన్నాడు. "మాట్లాడకు. మాట రాకుంటే భయమైతది. ఊపిరి మెల్లగ తీస్కో. ఇది పోతది. నాకెన్నిసార్లు పోయిందో."

నేను స్విచ్ బోర్డు చూశాను. అది జారుతూనే ఉంది, కానీ బాపు భుజం కదలలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడల్లా ఆయన కళ్లు తెరుచుకుని ఏదో ఒకదాన్ని చూస్తూ ఉండేవాడన్నమాట. ఒక్కడే, ఎవరికీ చెప్పకుండా.

డాక్టర్ ఇచ్చిన మాత్ర కొత్తదేమీ కాదు, కంటి జబ్బుకు ఎప్పటి నుంచో వాడేదట. వేసుకున్న మొదటి వారం వేళ్ల కొసలు, పెదవులు తిమ్మిరెక్కాయి. సోడా తాగితే లోహం నాకినట్టు ఉండేది. కిడ్నీలో రాళ్లు రాకుండా నీళ్లు బాగా తాగాలన్నారు. చాయ్ మానేశాను. రెండు నెలల్లో ఒక్కసారి మాత్రమే, అదీ కొద్దిగా వచ్చింది. ఆ తర్వాత ఏడాది దాటినా మళ్లీ రాలేదు. సేఠ్‌కు డాక్టర్ చెప్పిందంతా చెప్పాను. ఆయన నన్ను పనిలో ఉంచుకున్నాడు. ఎండలో బయటి పనులకు మాత్రం పంపడు.

బాపు మొదట మాత్ర వేసుకోనన్నాడు. ఇంత వయసులో ఎవరి కోసం అన్నాడు. అమ్మే ఒక పొద్దున మాత్ర, నీళ్ల గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టి, వేసుకునేదాకా అక్కడే నిలబడింది. ఇప్పటికీ రోజూ అలాగే నిలబడుతుంది. ఆయనకు కూడా రావడం దాదాపు ఆగిపోయింది. అయితే నడక అంతకు ముందే దెబ్బతింది. నడిచేటప్పుడు కాళ్లు ఎడంగా వేస్తాడు. అది బాగుకాదన్నారు.

చర్చి పెద్ద దగ్గరికి అమ్మ ఒక్కతే వెళ్లింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. తర్వాతి నెల బల్లారాధనలో పెద్దాయన వెనక బెంచీ దాకా నడిచి వచ్చి, పళ్లెం బాపు ముందు పట్టాడు. బాపు చేతులు చాపలేదు. అలవాటు తప్పిపోయిందేమో, పక్కవాళ్లకు ఇవ్వమన్నట్టు పక్కకు జరిగాడు. అమ్మ రొట్టె ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది.

జన్యువు చూడటానికి చేసిన నా రక్తపరీక్షలో డాక్టర్ చెప్పినట్టే వచ్చింది. పాపకు ఇప్పుడే చేయించాల్సిన పని లేదు, ఏదైనా కనిపిస్తే అప్పుడు చూద్దాం అన్నాడు. మాత్ర ఉంది కదా, భయం దేనికని మా ఆయన అంటాడు. నిజమే. అయినా అది తాడాట ఆడుతుంటే నేను వంటింట్లో నిలబడలేను. బయటికి వచ్చి దాని పాదాలు చూస్తూ ఉంటాను. నిద్ర లేవగానే నా వేలిని చూడమని ఆటలా చెప్పి, దాని కళ్లు చూస్తాను. ఒక రోజు అది నా చెయ్యి కిందికి దించి, "నాక్కూడ అట్ల అయితదా?" అని అడిగింది. రావచ్చు అని చెప్పాను. వస్తే ఆ నిమిషమే నాకో తాతకో చెప్పాలి, ఎక్కడున్నా అక్కడే కూర్చోవాలి, సిగ్గుపడొద్దు అన్నాను. సరే అని అది ఆడుకోవడానికి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు.

ఈ ఏడు అది పై తరగతికి వెళ్లింది. మొదటి వారంలోనే కొత్త టీచరమ్మను కలిశాను. ఎప్పుడైనా మా పాప తూలినా, మాట తడబడినా, రాత గజిబిజిగా వచ్చినా కోప్పడకండి, కూర్చోబెట్టి నాకు ఫోన్ చెయ్యండి అన్నాను. మా ఇంట్లో ఉన్న జబ్బు పేరు చెప్పాను. బాపుకు ఉందని, నాకు ఉందని, నాయనమ్మకు కూడా ఉండేదని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, పాపకు ఎప్పటి నుంచి ఉందని అడిగింది. పాపకు లేదండీ అన్నాను. ఆమె నా వైపు అయోమయంగా చూసింది.

గేటు దాటి బయటికి వచ్చాక కాళ్లు వణికాయి. గోడ పక్కన ఆగి, ఎదురుగా ఉన్న దుకాణం బోర్డు చదివాను. అక్షరాలు కదలలేదు. వట్టి భయమే. ఇంకాసేపు నిలబడి, మరోసారి చదివి, రోడ్డు దాటాను.